ఇరవై ఒకటో లైను

ఆ అమ్మాయి మా ల్యాబులో చేరిన రెండో వారానికే నాకు ఆమె మీద కుళ్లు పుట్టింది. ఇప్పుడు ఈ మాట సూటిగా రాయగలుగుతున్నాను గానీ, అప్పట్లో దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. పద్ధతి తెలియని పిల్ల అనుకున్నాను. పెద్దవాళ్లను అడగకుండా పనులు చేస్తుంది అనుకున్నాను. ఈ కాలం పిల్లలింతే అని కూడా అనుకున్నాను. మా ఇద్దరికీ నిండా పదేళ్ల తేడా లేదు.

నేను మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ ల్యాబు చూసుకుంటాను. ఇల్లు డోర్నకల్‌లో. మా నాన్న రైల్వేలో పనిచేశాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, నేనూ అమ్మా చర్చికి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. పొద్దున పుష్‌పుల్ బండిలో పోవడం, సాయంత్రం ఏ బండి దొరికితే ఆ బండిలో రావడం. అంతకుమించి చెప్పుకోవడానికి నా జీవితంలో పెద్దగా ఏమీ లేదు. ఒక్క ల్యాబు తప్ప.

నేను చేరేనాటికి అది తాళం వేసిన గది. ఎక్కడో పాతబడిపోతే మా కాలేజీకి పంపిన ఇరవై నాలుగు కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వాటిలో ఉన్న విండోస్ తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. ఇవి ఇక పనికిరావని అందరూ అన్నారు. నేను ఆ వేసవి సెలవులన్నీ ఆ గదిలోనే కూర్చుని, ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఒక్కో మిషన్‌లో విండోస్ తీసేసి, తేలికగా నడిచే లైనక్స్ ఎక్కించాను. నాకెవరూ నేర్పలేదు. చదువుకుంటూ, చెడగొట్టుకుంటూ, మళ్లీ మొదటినుంచి చేసుకుంటూ నేర్చుకున్నాను. జూన్‌లో పిల్లలు వచ్చేసరికి ఇరవై రెండు మిషన్లు నడుస్తున్నాయి. ఎవరు కాలేజీ చూడ్డానికి వచ్చినా ప్రిన్సిపాల్ సారు వాళ్లను ముందు ల్యాబుకే తీసుకొచ్చి, "గీ మేడమ్ లేకుంటే గిదంత తుక్కు కింద పోతుండె" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాలేదు.

పాత మిషన్లను చూసుకోవడం ముసలివాళ్లను చూసుకోవడం లాంటిదే, రోజూ మంచీచెడూ కనుక్కోవాలి. లైనక్స్‌లో టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది. అందులో బొమ్మలూ బటన్లూ ఉండవు. మనం ఒక కమాండ్ టైపు చేస్తే అది అక్షరాల్లోనే జవాబు చెబుతుంది. ప్రతి సోమవారం నేను ఇరవై రెండు మిషన్ల దగ్గరా కూర్చుని తలా నాలుగు కమాండ్లు కొట్టేదాన్ని. మెమరీ ఎంత వాడుతోంది, డిస్కులో ఎంత జాగా మిగిలింది, ఎంత వేడెక్కింది, ఎన్ని గంటలుగా నడుస్తోంది. జవాబులన్నీ పొడుగాటి రిజిస్టరులో గీతలు కొట్టి రాసుకునేదాన్ని. సగం రోజు దానికే పోయేది. ఆ రిజిస్టరు చూస్తే నా మటుకు నాకు ముచ్చటేసేది.

ఆ అమ్మాయిది కొడకండ్ల. రైతు కుటుంబం. ల్యాబ్ అసిస్టెంటుగా ఔట్‌సోర్సింగ్‌లో వచ్చింది. అంతకుముందు మూడేళ్లు జనగామలో ఒక ఆన్‌లైన్ సెంటరులో దరఖాస్తులు నింపే పని చేసిందట. వచ్చిన మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచింది. నేను చెల్లె అన్నాను. మొదటి సోమవారం నా పక్కనే నిలబడి, నేను కమాండ్లు కొట్టడం చూసింది.

"అక్కా, ప్రతి సోమవారం గిట్లనే ఒక్కొక్కదాని కాడ కూసోని రాస్తవా?"

"రాయాలె గదా. లేకుంటే ఏ మిషన్ ఎట్లున్నదో ఎట్ల తెలుస్తది?"

"అవును గని..." అంటూ రిజిస్టరు పేజీలు తిప్పి చూసింది.

ఆ గురువారం మధ్యాహ్నం పిల్లలు లేని సమయంలో నన్ను మూడో నంబరు మిషన్ దగ్గరికి పిలిచింది. "జర టెర్మినల్ తెరువు అక్కా" అంది. తెరిచాను. నేనేమీ టైపు చెయ్యకముందే తెరమీద వరసగా లైన్లు పడ్డాయి. మిషన్ నంబరు, ఎంతసేపటినుంచి నడుస్తోంది, మెమరీ, డిస్కులో మిగిలిన జాగా, వేడి. నేను నాలుగు కమాండ్లతో రాబట్టేదంతా కంటి ముందుంది. జాగా పదో వంతుకంటే తగ్గితే ఆ లైను ఎర్రగా కనబడుతుందని చెప్పింది. కమాండ్లన్నీ వరసగా పెట్టి రాసిన ఇరవై లైన్ల స్క్రిప్టు అది. భోజనాల వేళల్లో రెండు రోజులు కూర్చుని రాసి, అన్ని మిషన్లలోనూ పెట్టిందట.

"మంచిగున్నది" అన్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ సారు వచ్చినప్పుడు ఆమె చూపించింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కో లైనూ చదివాడు. తర్వాత నావైపు తిరిగి, "మరి గింత సులువుగ అయ్యేదానికి ఇన్నేండ్లు రిజిస్టర్ల ఎందుకు రాసినవమ్మా?" అన్నాడు. ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఎగతాళి చేసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఎందుకు రాశాను? నాకు స్క్రిప్టులు రావని కాదు. కమాండ్లన్నీ తెలుసు. వాటిని ఒక ఫైలులో వరసగా పెట్టి, టెర్మినల్ తెరవగానే నడిచేట్టు చెయ్యాలని తట్టలేదు, అంతే. తట్టకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు. ఆ సోమవారాలు నాకు ఇష్టం. పిల్లలు ఒక్కో మిషన్ దగ్గర లేచి నిలబడి నాకు దారి ఇవ్వడం ఇష్టం. నా ఆ సగం రోజును ఆమె తీసేసుకుంది, అదీ నాకు సాయం చేస్తున్నానని అనుకుంటూ.

అప్పటినుంచి ఆమె ఏం చేసినా నా కళ్లు అక్కడే ఉండేవి. పిల్లలు డౌటు వస్తే ముందు ఎవరి బల్ల దగ్గరికి పోతున్నారో లెక్కపెట్టుకునేదాన్ని. ఆమె చుట్టూ నలుగురు మూగితే, లోపలినుంచి ఏదో మంట పైకి వచ్చేది. ఇంకో సంగతి కూడా ఉంది. జనగామ సెంటరులో జనం లేనప్పుడు ఒక్కత్తే కూర్చుని ఇదంతా నేర్చుకున్నానని ఆమె ఒకసారి చెప్పింది. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అది కూడా నాది కాకుండా పోయింది.

ఆమెదానికంటే మంచి స్క్రిప్టు రాయాలని కూర్చున్నాను. మూడు ఆదివారాలు, ఆరాధన ముగిసి ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచేదాన్ని. రంగులు పెట్టాను. పైన కాలేజీ పేరు పెద్ద అక్షరాల్లో వచ్చేట్టు చేశాను. ఆమెది ఇంగ్లీషులో ఉంది కదా, నాది మొత్తం తెలుగులో ఉండాలనుకున్నాను. నడిపి చూస్తే టెర్మినల్‌లో తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట. మిషన్ అన్న చిన్న మాట కూడా మూడు చోట్ల విరిగింది. అమ్మ చాయ్ ఇవ్వడానికి వచ్చి తెర చూసి, "గిదేం తెలుగే బిడ్డా, కోడి కెలికినట్టున్నది" అంది.

అయినా సోమవారం దాన్ని ల్యాబుకు తీసుకెళ్లాను. ఆ అమ్మాయి చూసి సంతోషపడింది, అది మాత్రం నిజం. "తెలుగుల పెట్టినవా అక్కా? నాకు గూడ గదే ఆశ ఉండె. జనగామలున్నప్పుడు నెల రోజులు కొట్లాడిన. టెర్మినల్ల అక్షరాలు గట్లనే విరుగుతయి. ఇగ కాదని ఇడిసిపెట్టిన" అంది.

అంటే నేను ఓడిపోయిన చోటికి కూడా ఆమె నాకంటే ముందే వచ్చి పోయింది. ఆ రోజు బండిలో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు బయట ఏమీ కనబడలేదు.

ఫిబ్రవరిలో, ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు, ఆమె బంధువుల పెళ్లికని రెండు రోజులు సెలవు పెట్టి కొడకండ్ల పోయింది. రెండో రోజు భోజనం వేళ ల్యాబులో ఎవరూ లేరు. నేను పద్నాలుగో నంబరు మిషన్ ముందు కూర్చుని అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాను. ఆమె స్క్రిప్టు తెరిచాను.

నేనేం చేశానో అర్థం కావాలంటే ఒక ముక్క చెప్పాలి. ప్రతి మిషన్ డిస్కునూ నేను రెండు భాగాలు చేసి ఉంచాను. ఒకటి సిస్టమ్‌ది, పెద్దది, ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటుంది. రెండోది పిల్లల ఫైళ్లది, చిన్నది. దాన్ని హోమ్ అంటారు. నిండిపోయేది అదే. ఆమె స్క్రిప్టు హోమ్‌లో జాగా ఎంత ఉందో చూసి చెబుతుంది. నేను ఆ లైనులో హోమ్ అన్న మాట చెరిపేశాను. అప్పుడది పెద్ద భాగాన్ని చూసి, కావలసినంత జాగా ఉందని చెబుతుంది. చెరపడానికి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. పద్నాలుగునే ఎందుకు ఎంచుకున్నానంటే, ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుల కోసం ఎక్కువగా వాడేది దాన్నే కాబట్టి అది తొందరగా నిండుతుంది.

నా ఉద్దేశం పరీక్షను చెడగొట్టడం కాదు. సోమవారం సారును పిలిచి, నేను చేత్తో కమాండ్ కొట్టి రిజిస్టరులో రాసిన అంకె, ఆమె తెర మీద అంకె పక్కపక్కన చూపించి, "స్క్రిప్టును నమ్ముకుంటే గింతే సార్" అనాలనుకున్నాను. ఆ మాటను బండిలో రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను కూడా. కానీ సోమవారం సారు మీటింగుకు పోయాడు. మంగళవారం పరీక్షల పనిలో పడ్డాడు. ఆ అమ్మాయి తిరిగి వచ్చి, పెళ్లిలో పంచిన లడ్డూలు నా బల్ల మీద పెట్టింది. మార్చినదాన్ని మళ్లీ సరిచెయ్యడానికి నాకు అర నిమిషం చాలు. రేపు చేద్దాం అనుకున్నాను. ఆ మర్నాడూ అదే అనుకున్నాను.

పరీక్షకు జనగామ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. పద్నాలుగో మిషన్ దగ్గర ఫైనలియర్ అమ్మాయి కూర్చుంది. గంటసేపు ప్రోగ్రాం రాసి సేవ్ చెయ్యబోతే అవ్వలేదు. మళ్లీ నొక్కింది. మిషన్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆమె రాసింది ఒక్క లైను కూడా లేదు. ఆ పిల్ల ఏడవలేదు, కీబోర్డు మీద చేతులు అలాగే పెట్టుకుని కూర్చుండిపోయింది. అది చూడలేకపోయాను.

ప్రిన్సిపాల్ సారు వచ్చాడు. టెర్మినల్ తెరిస్తే జాగా బోలెడంత ఉందని స్క్రిప్టు చెబుతోంది. నేను కమాండ్ కొట్టి చూపించాను. హోమ్ నిండిపోయి ఉంది. ఎవరో సినిమాలు దించి పెట్టుకున్నారు. అవి తీసేస్తే మిషన్ మళ్లీ నడిచింది. నేను చేసింది అయిదు నిమిషాల పని.

సారు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఎగ్జామినరూ, ఇద్దరు లెక్చరర్లూ, పరీక్ష రాస్తున్న పిల్లలూ అందరూ వింటున్నారు. "నీ స్క్రిప్టేమో మంచిగున్నదంటది, గీడ డిస్కు నిండి పిల్ల ఆగమైంది. తెలిసీ తెలువని పని ఎందుకమ్మా? మేడమ్ రిజిస్టరే నయముండె."

"నేనే యాడ్నో తప్పు రాసుంట సార్" అంది ఆమె.

ఆ క్షణంలో నాకు బాగా అనిపించింది. అది దాచిపెడితే ఇదంతా రాయడం దండగ. నెలల తరబడి వినాలనుకున్న మాట సారు నోటివెంట వచ్చింది. ఆ సంతోషం నిమిషమైనా నిలవలేదు గానీ, కలిగిన మాట నిజం.

ఎగ్జామినర్ మంచివాడు. భోజనాల తర్వాత ఆ పిల్లతో ఆరో మిషన్ మీద మళ్లీ రాయించాడు. ఆమె పాసైంది కూడా. మా అసిస్టెంటు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. తన స్క్రిప్టు ప్రింటు తీసుకుని, పెన్సిలుతో ఒక్కో లైనూ టిక్కు పెట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం నేను బ్యాగు సర్దుకుంటుంటే వచ్చింది.

"అక్కా, నాకాడున్న కాపీ సక్కగనే ఉన్నది. మరి పద్నాలుగుల ఎందుకు గట్ల చూపెట్టింది? నీకేమన్న సమజైతున్నదా?"

"ఏమో" అన్నాను. బండికి టైమవుతోందని బయటికి వచ్చేశాను.

ఇంటికి పోయాక అమ్మకు చెప్పాను. మా కాలేజీలో ఒకామె ఇట్లా చేసిందట అని, వేరే ఎవరి సంగతో అన్నట్టు చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది. మొత్తం విని తలెత్తకుండానే అడిగింది.

"గా పిల్ల అన్నం తిన్నదా మరి?"

"తినలే."

"రేపు ఆమెకు గూడ డబ్బ కడ్త. పట్కపో. గని ముందుగాల చేసింది చెప్పు, తర్వాత డబ్బ ఇయ్యి. తినబెట్టినంక చెప్తే లంచమిచ్చినట్టుంటది."

నేనే ఆ మనిషినని అమ్మ అనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు పిల్లలు రాకముందే ల్యాబు తెరిచి ఆమెకోసం కూర్చున్నాను. రాగానే చెప్పేశాను. పద్నాలుగులో నేనే మార్చానని, ఎప్పుడు మార్చానో, ఏం చెరిపానో. ఆమె పద్నాలుగు ముందు కూర్చుని, ఫైలు ఎప్పుడు మారిందో తేదీ చూసింది. తను పెళ్లిలో ఉన్న రోజు. అట్లాగే తెర వైపు చూస్తూ అడిగింది.

"ఎందుకు మేడమ్?"

అక్కా అన్న పిలుపు అక్కడితో పోయింది.

"నీ మీద కుళ్లుతోని" అన్నాను.

"నా మీదనా? నాకేమున్నదని? మీది పర్మినెంటు. నన్ను ఈ నెల ఉంచుతరో తీస్తరో నాకే తెల్వది. నిన్న సార్ అందరి ముంగట గట్లంటే, నన్ను తీసేస్తరేమోనని నిద్ర పట్టలే. నాకు నిజంగనే రాదేమో, వట్టిగ వస్తదనుకుంటున్ననేమో అనిపించింది."

"సార్‌కు నేనే చెప్త."

వద్దులే మేడమ్ అంటుందని లోపల ఎక్కడో ఆశపడ్డాను. అనలేదు. "చెప్పుండ్రి" అంది.

చెప్పాను. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నీ అసొంటిది గిట్ల చేస్తదనుకోలే" అన్నాడు. జరిగిందంతా కాగితం మీద రాసివ్వమన్నాడు, రాసిచ్చాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఉండగా, నిన్నటి దాంట్లో ఆ అమ్మాయి తప్పు లేదని, ఫైలును ఎవరో మార్చారని ఆయన చెప్పాడు. ఎవరో కాదు, నేనే అన్నాను. ఒక లెక్చరరు లేచి గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. అమ్మ కట్టిన డబ్బా ఆమె ముందు పెడితే, "నేను తెచ్చుకున్న మేడమ్" అని పక్కకు జరిపింది. సాయంత్రం దాన్ని అట్లాగే ఇంటికి తీసుకొచ్చాను.

తర్వాత ఏడాదిన్నర మేమిద్దరం ఒకే గదిలో పనిచేశాం. ఆమె నాతో ఎప్పుడూ దురుసుగా మాట్లాడలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అడగనిది చెప్పేది కాదు. నేను ఒప్పుకున్న తర్వాత వచ్చిన మొదటి సోమవారం నేను టెర్మినల్ తెరిస్తే ఎప్పుడూ వచ్చే లైన్ల కింద కొత్తది ఒకటి కనబడింది. ఆ స్క్రిప్టు ఫైలును చివరిసారి ఎప్పుడు మార్చారో, ఆ తేదీ, సమయం. ఆమె రాసిన ఇరవై లైన్లకు ఇరవై ఒకటోది కలిపింది. అన్ని మిషన్లలోనూ. పిల్లలకు అదెందుకో తెలియదు. నేను మాత్రం టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ దాన్ని చదవాల్సిందే. తీసెయ్యమని అడగడానికి నోరు రాలేదు, అడిగే హక్కు కూడా లేదు.

కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆమె ఉద్యోగ పరీక్ష రాసి భూపాలపల్లిలో ఒక కాలేజీలో పర్మినెంటు ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. కొడుతూనే, నాకు పర్మినెంటు ఉద్యోగం ఎన్నేళ్లకు వచ్చిందో లెక్క వేసుకున్నాను.

ఈ ఏడు ప్రాక్టికల్స్‌కు నన్ను ఎగ్జామినర్‌గా ఆ కాలేజీకే వేశారు. హనుమకొండలో బస్సు మారి పోయాను. ల్యాబులో కొత్త మిషన్లు, ఏసీ, గోడకు పెద్ద తెర. ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చి నమస్తే మేడమ్ అంది. పరీక్ష మొత్తం ఎక్కడా చిన్న ఆటంకం లేకుండా నడిచింది. మార్కుల కాగితాల మీద సంతకాలు పెట్టాక ఇద్దరం చాయ్ తాగుతూ కూర్చున్నాం.

"ఒకటి అడుగుతా మేడమ్, ఏమనుకోవద్దు" అంది. "ఇంకా ఉన్నదా?"

కుళ్లు గురించే అడుగుతోందని నాకు అర్థమైంది. "ఉన్నది. గీ ఏసీ చూసినంక ఇంకింత ఎక్కువైంది" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, "మా సెకండియర్ల ఒక పిల్ల ఉన్నది మేడమ్. నా స్క్రిప్టు చూసి, గింత పొడుగెందుకు మేడమ్ అని ఎనిమిది లైన్లల్ల రాసి చూపెట్టింది. అదే పని, అంత సక్కగ. అందరి ముంగట శభాష్ అన్న. ఇంటికి పోయినంక మా ఆయన ఏమైందంటే ఊకెనే కోపానికొచ్చిన" అంది.

"మరేం చేసినవ్?"

"ఏం చెయ్యలే. చెయ్యొద్దని కూసున్న."

ఆ ఎనిమిది లైన్లు నాకు పంపమన్నాను. ఆమె అక్కడే నా ఫోనుకు పంపింది. నాలుగు గంటల బస్సుకు ఆమే వచ్చి ఎక్కించింది. సీటు దొరికాక ఫోను తీసి చదవడం మొదలుపెట్టాను. ఆరు లైన్లు అర్థమయ్యాయి. చివరి రెండు ఎంత చూసినా అర్థం కాలేదు. పరకాల దాటేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.